స్త్రీల గుండెపోటు

గుండెపోటు అను మాట చెవిని బడగానే మన మనస్సున తోచు రూపము పురుషునిది. నడివయస్సు గలవాడు, కొంచెము పొట్ట గలవాడు, రొమ్ము పట్టుకొని కూలబడువాడు. చలనచిత్రములందు సయితము కూతురి పెండ్లినాడు గుండె పట్టుకొని ఒరిగిపోవు పాత్ర తండ్రిదే. ఈ బొమ్మ అబద్ధము కాదు. సగము మాత్రమే నిజము. తక్కిన సగమునుగూర్చి నేడు మాటలాడ దలచితిని. నేను వైద్యుడను కాను. ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అయినను విశాఖపట్టణమున నివసించుటచేతను, నాయొద్ద చదివిన బాలబాలికలు కొందరు నేడు వైద్యులై యుండుటచేతను, అడిగి తెలిసికొనుటకును వ్రాతలు చూచుటకును నాకు వీలు కలిగినది. అడుగవలసిన అవసరము మా యింటనే పుట్టినది. దానిని కొంచెము తరువాత చెప్పెదను; మొదట వ్యాధిస్వరూపము తెలియవలెను.

గుండె మన పిడికిలియంత కండ. ఒడలెల్ల రక్తము పంపు ఆ కండకును రక్తము కావలెను. అందులకై దానిపైననే సన్నని ధమనులు పాకియున్నవి. ఏండ్ల తరబడి ఆ ధమనుల గోడలలో క్రొవ్వు పేరుకొనును. ఒకనాడు ఆ పూత పగులును. పగిలినచోట రక్తము గడ్డకట్టి దారి మూయును. దారి మూసిన క్షణమునుండి అవతలనున్న కండ కొంచెము కొంచెముగ చచ్చుచు పోవును. చచ్చిన కండ మరల బ్రదుకదు. వ్యవసాయము చేయు మీకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు. కాలువకు అడ్డుపడిన చెత్తను ఈ పూట తీసితిమా, మడి నిలుచును. నాలుగు దినములకు తీసినచో నీరు పారును గాని పైరు లేవదు.

అడ్డు తీయుటకు నేడు రెండు మార్గములు గలవు. ఒకటి, గడ్డను కరగించు మందును నరములోనికి ఎక్కించుట. రెండవది, మణికట్టునుండి గాని తొడనుండి గాని సన్నని గొట్టమును గుండెవరకు పంపి, మూసిన ధమనిని తెరచి, అందు స్టెంటు అను లోహపు జల్లెడ గొట్టమును నిలుపుట. రెండును కాలముతోడి పందెములే. మందు మొదటి రెండు మూడు గంటలలో చేసినంత మేలు పండ్రెండవ గంటకు చేయజాలదు. కావుననే రొమ్మునొప్పితో వచ్చినవారికి ఆసుపత్రి గుమ్మము దాటిన 10 నిమిషములలో ఇసీజీ తీయవలెనని వైద్యశాస్త్రము నియమము పెట్టినది. ఈ నియమములో ఆడ, మగ యను భేదము లేదు. ఆచరణములో మాత్రము ఉన్నది.

52 దేశములలో జరిపి 2004లో ప్రకటించిన ఒక గొప్ప పరిశోధనలో, మొదటి గుండెపోటు స్త్రీలకు పురుషులకంటె సగటున 9 ఏండ్లు ఆలస్యముగ వచ్చునని తేలినది. ఆలస్యముగ వచ్చునన్న మాటను లోకము రాదన్న మాటగా పట్టుకొన్నది. ప్రపంచమున స్త్రీల మరణములకు గల కారణములలో మొదటిది గుండె, రక్తనాళముల జబ్బులే. కాన్పు గండమునకును, కాన్సరునకును భయపడు కుటుంబములు దీనికి భయపడుట లేదు.

ఇక లక్షణముల మాట. రొమ్ము నడుమ బరువు, ఎడమచేయి లాగుట, చెమట అనునవి గుండెపోటు లక్షణములని పాఠ్యగ్రంథములు చెప్పును. స్త్రీలకు వీనితోపాటు దవడ, మెడ, వీపు, కడుపు పైభాగము నొచ్చుట, ఓకారము, ఆయాసము, ఎన్నడు నెరుగని నిస్సత్తువ కలుగుట హెచ్చు. వీనికి వైద్యులు చిరకాలము 'అసాధారణ లక్షణములు' అని పేరు పెట్టిరి. మా వ్యాకరణములో ఉత్సర్గమనియు అపవాదమనియు రెండు కలవు. అందరికి వర్తించు సూత్రము ఉత్సర్గము. దానికి లోబడని కొలదిపాటి పదములకొరకు చెప్పునది అపవాదము. పురుషుని బాధ ఉత్సర్గమట, స్త్రీ బాధ అపవాదమట! మానవజాతిలో సగము అపవాదమగుట ఏ శాస్త్రమున గలదు? మన తెలుగును ఈ విషయమున తక్కువ తినలేదు లెండి. 'వాడు వచ్చినాడు' అందుము. 'ఆమె వచ్చినది' అందుము. 'ఆవు వచ్చినది' అందుము. ఏకవచనమున స్త్రీకిని ఆవునకును క్రియ యొక్కటే. బహువచనమున మాత్రము 'వారు వచ్చినారు' అని ఆమెకు పురుషులతోడి మర్యాద దక్కును. ఆసుపత్రికి మాత్రము పాప మామె ఏకవచనముననే పోవుచున్నది.

నిజమునకు ఆ అపవాదమును పూర్తిగ నమ్మదగినది కాదు. అమెరికాలో 55 ఏండ్లు దాటని స్త్రీపురుషులలో గుండెపోటు వచ్చినవారిని విచారించి 2018లో ఒక లెక్క ప్రకటించిరి. ప్రతి 100 మంది స్త్రీలలో 87 మందికి రొమ్మునొప్పి యున్నది. పురుషులలో 90 మందికి. భేద మంతయే! అయితే స్త్రీలు రొమ్మునొప్పితోపాటు మరి మూడు నాలుగు బాధలు చెప్పుకొందురు. వినువాడు ఆ మూడు నాలుగింటినే పట్టుకొని మొదటిదానిని విడుచును. ఆ లెక్కలోనే మరియొక సంగతి యున్నది. గుండెపోటు రాకముందే ఆ బాధలతో వైద్యుని చూచినవారిలో, 'ఇది గుండెకు సంబంధించినది కాదు' అనిపించుకొన్నవారు పురుషులలో 100కు 37, స్త్రీలలో 53. అనగా వెళ్లి అడిగిన స్త్రీలలో సగముకంటె ఎక్కువమందిని వైద్యులే త్రిప్పి పంపిరి.

మా యింటి సంగతి ఇట్టిదే. మా అప్ప చోడవరము దాపున నొక గ్రామమున నున్నది. 70 ఏండ్లు, చాలకాలముగ మధుమేహము గలదు. మూడేండ్ల క్రిందట కార్తికమాసమున నొక సోమవారము తెల్లవారుజామున ఆమెకు దవడలు లాగినవి, ఎడమరెక్క క్రింద బరువు, చెమట, ఓకారము. 'ఉపవాసము కదా, వాయువు కమ్మినది' అని తానే నిశ్చయించుకొని, వాము నమిలి, ఇంటిల్లిపాదికిని వంట ముగించినది. మా బావగారు 'ఆసుపత్రికి పోదమా?' అనగా, 'సాయంకాలము దీపము పెట్టి చూతము లెండి' అన్నదట. మధ్యాహ్నమునకు నిలువలేకపోయినది. అప్పుడు దగ్గర నొక ఊరిలోని ఆసుపత్రికి కొనిపోయిరి. అచ్చటి వైద్యుడు ఉపవాసము మాట విని, నాడి చూచి, వాయువునకు సూది పొడిచి, 'పెద్దావిడ భయపడినది, అంతే' అని పంపివేసెను. ఇసీజీ తీయలేదు. రాత్రికి ఊపిరాడక మరల బయలుదేరి విశాఖ చేరునప్పటికి పదునెనిమిది గంటలు గడచినవి. నాకు కబురు తెలిసినది అప్పుడే. గుండె ముందుభాగపు కండ చాలవరకు చెడినదని చెప్పిరి. ఆమె బ్రదికినది. కాని ఇప్పుడు నాలుగు మెట్లెక్కిన ఆయాసము. తులసికోటవరకు పోయి వచ్చుటయే ఒక యాత్ర.

అంతకు రెండేండ్లకు ముందు మా బావగారికి రొమ్ములో మంట యనగా అదే ఆసుపత్రికి అరగంటలో చేర్చిరి. బల్లమీద పరుండబెట్టిన వెంటనే ఇసీజీ తీసిరి. ఆయనకు వచ్చినది నిజముగ వాయువే.

ఆ వైద్యుడు చెడ్డవాడని నేననను. ఆయన చదివిన గ్రంథములలోని బొమ్మయే అట్టిది. ఈ సంగతి వైద్యలోకమునకు తెలియక పోలేదు. 1991లో అమెరికాలో బెర్నడీన్ హీలీ అను హృద్రోగవైద్యురాలు ఒక వ్యాసము వ్రాసెను. ఆమె ఆ దేశపు జాతీయ ఆరోగ్యసంస్థలకు అధ్యక్షురాలైన మొదటి స్త్రీ. యూదుల కథ నొకదానిని ఆమె ఉదాహరించెను. శాస్త్రపఠనము ఆడువారికి నిషిద్ధమైన కాలమున యెంటల్ అను బాలిక పురుషవేషము ధరించి చదువుకొన్న కథ అది. స్త్రీ తన జబ్బు పురుషుని జబ్బువంటిదే యని రుజువు చూపిన పిమ్మటనే పురుషునితో సమమైన వైద్యము పొందుచున్నదని హీలీ వాదము. ఆ సంచికలోనే అచ్చయిన పరిశోధనలలో, ఆసుపత్రిలో చేరిన స్త్రీలకు ధమనుల పరీక్షయు, వానిని తెరచు చికిత్సయు పురుషులకంటె తక్కువగ జరుగుచున్నవని లెక్కలతో చూపిరి.

ఇచట ఒక న్యాయము చెప్పవలెను. తేడా అంతయు పక్షపాతము కాదు. స్త్రీలు పెద్దవయస్సున వత్తురు; మధుమేహమును, మూత్రపిండముల జబ్బును వెంట దెత్తురు. వారి ధమనులు సన్ననివి. గడ్డను కరగించు మందుచే వారికి రక్తస్రావమగు భయము హెచ్చు. వైద్యుడు వెనుదీయుటకు ఇవి కొంతవరకు తగిన కారణములే. కాని వీనినెల్ల లెక్కలో వేసికొన్న పిమ్మటను కొంత తేడా మిగిలియే యున్నదని పలుదేశముల పరిశోధనలు చెప్పుచున్నవి. బ్రిటనులో హృద్రోగ ధర్మసంస్థ 2019లో వేసిన అంచనా ప్రకారము, ఇంగ్లండు, వేల్సులలో 2002 మొదలు 2013 వరకు పురుషులతో సమమైన వైద్యము దొరకియున్నచో 8,000 మందికి పైగా స్త్రీలు బ్రదికియుందురు.

మరియొక వింత లెక్క. ఫ్లారిడాలో 1991 నుండి 2010 వరకు గుండెపోటుతో వచ్చిన 5 లక్షలకు పైగా రోగుల వివరములు చూచిరి. స్త్రీ రోగి పురుషవైద్యుని చేతబడినపుడు మరణము కొంచెము హెచ్చు. అయితే స్త్రీవైద్యులతో కలిసి పనిచేసిన పురుషవైద్యుల చేతిలోను, స్త్రీ రోగులను ఎక్కువగ చూచినవారి చేతిలోను ఆ తేడా తగ్గినది. చూడగా చూడగా కన్ను తెరచుకొనునన్నమాట. ఈ లెక్క చూచినపుడు నాకు వైద్యులపై కోపము పోయి ఆశ కలిగినది.

కొలబద్దయును కొంత దోషము చేసినది. గుండెకండ చెడినపుడు ట్రోపోనిన్ అను పదార్థము రక్తములోనికి వచ్చును. అది ఇంత దాటిన గుండెపోటు అని హద్దు పెట్టిరి. ఆరోగ్యవంతురాలైన స్త్రీ రక్తములో ఆ పదార్థము పురుషునికంటె తక్కువ. ఒకే హద్దు ఇద్దరికి పెట్టినచో స్త్రీ గుండెపోటు హద్దు క్రిందనే దాగిపోవును. ఎడింబరోలో అనుమానముతో చేరిన స్త్రీలను పరీక్షించి 2015లో ప్రకటించినదేమనగా, ఉమ్మడి హద్దుతో 100కు 11 మందికి గుండెపోటని తేలగా, స్త్రీలకు తగిన హద్దు పెట్టినంతనే 22 మందికి తేలినది. పురుషులలో ఈ సంఖ్య 19 నుండి 21కి మాత్రమే పెరిగినది.

స్త్రీలకే హెచ్చుగ వచ్చు మరి రెండు గలవు. ధమని లోపలి పొర తనంతట చీలి దారి మూయుట యొకటి. ఇది పడుచువారికిని, బాలింతలకును గూడ రావచ్చును. రెండవది, పిడుగువంటి దుఃఖవార్త విన్నపుడు గుండె అడుగుభాగము కుండవలె ఉబ్బి బలహీనపడుట. 1990లో జపాను వైద్యులు దీనికి తకోత్సుబో అని పేరు పెట్టిరి. వారి భాషలో అది ఆక్టోపస్సులను పట్టు జాలరి కుండ. మన చేపలరేవువారికి ఈ పేరు చెప్పిన నవ్వుదురు. నొప్పి గుండెపోటు నొప్పియే గాన, ఇదియును ఆసుపత్రిలోనే తేలవలెను.

ఇక మన విశాఖ. 1923లో ఇచట వైద్యకళాశాలయు, కింగ్ జార్జి ఆసుపత్రియు వెలసినవి. 1933లో రేవు తెరచిరి. ఉక్కు కర్మాగారమును 1992లో జాతికి అంకితము చేసిరి. రేవునందును కర్మాగారమునందును కొలువు చేయు పురుషునకు వైద్యపరీక్ష యున్నది, ఆసుపత్రి యున్నది. రక్తపుపోటు ఎంతయో అతనికి కంఠస్థము. అతని భార్యకును ఆ ఆసుపత్రి తలుపు తెరచియే యున్నది. కాని ఆమె రక్తపుపోటు కాన్పునాడు చూచినదే. చేపలగంప నెత్తిన బెట్టుకొని వీధులు తిరుగు స్త్రీకి ఆ మాత్రము చీటియును లేదు. గాజువాకలో నుండి నిమిషములలో పెద్ద ఆసుపత్రి చేరవచ్చును; పాడేరు ఘాటు దిగి రావలెనన్న గంటలు పట్టును. అయినను గాజువాక యిల్లాలు సయితము పాడేరునుండి వచ్చినంత ఆలస్యముగ వచ్చుచున్నదని వైద్యురాలైన నా శిష్యురాలు చెప్పినది.

ఆలస్యము దేశమంతట నున్నదే. మనదేశపు 89 ఆసుపత్రులలో 20,000 మందికి పైగా రోగులను చూచి 2008లో ప్రకటించిన లెక్కలో, నొప్పి మొదలైన పిమ్మట ఆసుపత్రి చేరుటకు పట్టిన నడిమి కాలము 360 నిమిషములు. ఆరు గంటలు! చేరినవారిలో స్త్రీలు నాలుగవవంతుకంటె తక్కువ. వచ్చినవారికి చేసిన వైద్యమును తూచుటకు త్రాసు గలదు; రానివారిని తూచు త్రాసు లేదు.

ధనమే కారణమని కొంద రందురు. 2007లో ఆరోగ్యశ్రీ పేర ఆరంభమై, పేర్లు మారుచు నేటికిని నడుచుచున్న పథకమున పేద కుటుంబపు కార్డుమీద భార్య పేరును భర్త పేరును సమానముగనే యున్నవి. స్టెంటు ఇద్దరికి నుచితమే. అయినను 2008 నుండి 2012 వరకు జరిగిన వైద్యములు లెక్కింపగా స్త్రీల పాలు పురుషులకంటె తక్కువ. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థకు 2016లో వచ్చిన రోగులను లెక్కించి, రావలసియుండి రాని స్త్రీలు 4 లక్షలకు పైగా యుందురని అంచనా వేసిరి. ఆసుపత్రికి ఊరు దూరమైనకొలది స్త్రీలు తగ్గిరి. రుసుము లేకున్నను, వెంట ఒకరు రావలెను, ఆ యొకరి కూలి పోవలెను, ఇంట వంట ఆగవలెను. ఆ తీర్మానము చేయువారు ఎవరు? పెద్దలారా, మనమే. 'ఈ వయస్సున ఆమెకు స్టెంటు లెందుకు, మందులతో సరిపెట్టరాదా?' అను మాట ఆసుపత్రి వసారాలో నేను విన్నాను. తండ్రిని చేర్చినపుడు ఆ మాట అన్న కొడుకును నేను చూడలేదు.

కావున మీ యింట నలువది దాటిన స్త్రీకి, ముఖ్యముగ మధుమేహము గాని రక్తపుపోటు గాని గల స్త్రీకి, బొడ్డునుండి దవడవరకు ఎచ్చటనైనను కొత్త బాధ పుట్టి, చెమటయో ఆయాసమో తోడైనచో, వాము వెదకవద్దు. ఆమె అనుమతికొరకు గూడ వేచియుండవద్దు. 108కి ఫోను చేయుడు. ఆసుపత్రిలో మొదటిమాటగా 'ఉపవాస మున్నది', 'మనస్సు బాగులేదు' అని చెప్పవద్దు. 'గుండె యేమోనని భయముగ నున్నది, ఇసీజీ తీయుడు' అని చెప్పుడు. మొదటి ఇసీజీలో కనబడకపోవచ్చును; నొప్పి నిలిచియుండిన మరల తీయుమని అడుగుడు. రవిక తొలగించుటకు ఆమె సిగ్గుపడిన నర్సు నడుగుడు. ఆ సిగ్గుతో అరగంట పోరాదు. దగ్గరిది చిన్న ప్రభుత్వాసుపత్రియే యైనను సంకోచింపవద్దు. 2023 నుండి మన రాష్ట్రమున అట్టి ఆసుపత్రులలో తీసిన ఇసీజీని పట్టణపు హృద్రోగవైద్యునకు పంపి, ఆయన మాట వచ్చినంతనే గడ్డను కరగించు మందును అక్కడనే ఉచితముగ ఎక్కించు ఏర్పాటు మొదలయినది. పిమ్మట పెద్ద ఆసుపత్రికి పంపుదురు.

ఇంటికి వచ్చిన తరువాతి సంగతి మరచితిమా, చేసిన వైద్యము సగమే. పురుషుడు గుండెపోటు పడి వచ్చిన నెలదినములు అతనిచే చెంబెడు నీళ్లు మోయింపము. స్త్రీ మూడవనాడే పొయ్యిదగ్గర కనబడును. మందులు తెచ్చువారు లేని దినమున మాత్ర మానును, ఎవ్వరికిని చెప్పదు. స్టెంటు వేసినవారికి రక్తము గడ్డకట్టకుండ రెండు మాత్రలు సాధారణముగ ఒక సంవత్సరము ఇత్తురు. వైద్యుడు చెప్పకుండ వానిని మానినచో ఆ స్టెంటులోనే మరల గడ్డ కట్టవచ్చును. మా బావగారు ఇప్పుడు మాత్రల పెట్టెను తన కండువా ప్రక్కనే పెట్టుకొని, ఉదయము కాఫీకి ముందు తానే లెక్కపెట్టి మా అప్ప చేతిలో వేయుచున్నారు.